‘మీ మ్యాక్ పాతది’ అన్న ఒక్క జవాబుతో తిప్పి పంపుతున్న ఆట సంస్థకు కర్నూలు నుంచి బహిరంగ లేఖ

విండోస్ ఆన్‌లైన్ ఆటను ‘మ్యాక్‌లోనూ ఆడుకోవచ్చు’ అని చెప్పి నడుపుతున్న సంస్థ నిర్వాహకులకు, సాంకేతిక సహాయ విభాగం వారికి

విషయం: పాత మ్యాక్‌లలో మీ ఆట ఎందుకు ఆగిపోతోంది, మీ సహాయ విభాగం సలహాల వల్ల జనం ఏం నష్టపోతున్నారు, మీరు వెంటనే ఏం చేయాలి అన్న సంగతులు.

నమస్కారం.

మేం కర్నూలు రాజ్‌విహార్ సెంటర్, అనంతపురం సప్తగిరి సర్కిల్, కడప ఏడురోడ్ల కూడలి చుట్టుపక్కల కంప్యూటర్ రిపేరు షాపులు, నెట్ సెంటర్లు నడుపుకునేవాళ్లం. మీ ఆట మీద మాకు కక్ష లేదు. బాగుంది కాబట్టే ఇన్ని ఇళ్లలో ఆడుతున్నారు. ఆట పేరు, సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. మీకు పెట్టిన టికెట్లలో (ఫిర్యాదుల్లో) అవన్నీ ఉన్నాయి, ఈ ఉత్తరం ఎవరికో మీకు తెలుసు. ఆ టికెట్లకు మీ నుంచి వచ్చే జవాబు ఒకటే: మీ మ్యాక్ పాతది, ఓఎస్ (మ్యాక్‌ను నడిపే మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయండి, లేదంటే ఆట తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయండి. ఆ వెంటనే టికెట్ మూసేస్తున్నారు. అందుకే ఇలా పదిమంది ముందు అడగాల్సి వచ్చింది.

ఇక్కడ మ్యాక్ అనగానే లక్షన్నర పెట్టి కొన్న కొత్త యంత్రం అనుకోవద్దు. బెంగళూరు ఎస్.పి. రోడ్డు నుంచో, సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ బజారు నుంచో సెకండ్ హ్యాండ్‌లో వచ్చినవే ఎక్కువ. 2012 మోడల్ 13 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రో, 2015, 2017 మోడళ్ల మ్యాక్‌బుక్ ఎయిర్, 2012-13 నాటి 21.5 అంగుళాల ఐమ్యాక్. ఆ 2012 ప్రోను యాపిల్ 2016 అక్టోబరు దాకా అమ్మింది కాబట్టి, మోడల్ సంవత్సరం చూసి యంత్రం వయసు తేల్చడం కూడా సరికాదు. పగలు పెళ్లి వీడియోల ఎడిటింగుకు, ఇంజినీరింగ్ ప్రాజెక్టు రిపోర్టులకు వాడేదీ అదే, రాత్రి మీ ఆట ఆడేదీ దాని మీదే. ఆట కోసం మీరిచ్చిన సలహా వికటిస్తే ఇంటి పని కూడా ఆగిపోతుంది.

మరో మాట. ఇది పందెం ఆట కాదు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ జూదాన్ని ఆంధ్రప్రదేశ్ 2020లోనే నిషేధించింది, 2025లో కేంద్రం కూడా చట్టం చేసింది. వాటితో మాకు పని లేదు. మేం మాట్లాడేది నెలవారీ పాసులు, పాత్రలకు తొడిగే వేషాలు, టాప్-అప్‌లకు యూపీఐలో డబ్బు కట్టే మామూలు ఆట గురించి.

అసలు సంగతికి వస్తాం. మీరు మ్యాక్ కోసం ఇస్తున్నది మ్యాక్ ప్రోగ్రాం కాదు. విండోస్ ఆటనే ‘వైన్’ అనే పొరలో చుట్టి, పైన మ్యాక్ ఐకాన్ అంటించి ఇస్తున్నారు. అది తప్పని మేం అనడం లేదు. వైన్ 1993లో మొదలైన మంచి ప్రాజెక్టు, విండోస్ ప్రోగ్రాం అడిగే పనులను మ్యాక్‌కు అర్థమయ్యేలా మార్చి చేయిస్తుంది. అయితే ఐకాన్ మీద రైట్ క్లిక్ చేసి ‘షో ప్యాకేజ్ కంటెంట్స్’ నొక్కితే లోపల ఏ కాలం నాటి వైన్ ఉందో ఎవరికైనా కనిపిస్తుంది. ఆటకు ప్రతి వారం ప్యాచ్ వస్తోంది, పొర మాత్రం ఏళ్ల కింద పెట్టినదే. ప్యాకేజీ కట్టింది మీరు, పొరను మార్చాల్సిందీ మీరు. ఆ పని మానేసి యంత్రాన్ని అనడం ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది.

ఎక్కడెక్కడ ఏం జరుగుతోందో వరుసగా రాస్తున్నాం.

1. ‘ఓఎస్ అప్‌డేట్ చేయండి’ అన్న సలహా నడుస్తున్న ఆటను చంపుతోంది. మీ ప్యాకేజీలోని వైన్ 32 బిట్‌ది, అంటే పాత తరం ప్రాసెసర్ల పద్ధతిలో రాసినది; ఇప్పటివి 64 బిట్‌వి. మ్యాక్‌లో 32 బిట్ ప్రోగ్రాములు నడిచే చివరి ఓఎస్ 2018లో వచ్చిన మొజావే, అంటే 10.14. 2019 అక్టోబరులో వచ్చిన కాటలీనా వాటిని పూర్తిగా తీసేసింది. ఇది చెప్పకుండా చేసిన మార్పు కాదు. 2018లో హై సియెర్రా 10.13.4 నుంచే ‘ఈ యాప్‌ను తయారీదారు అప్‌డేట్ చేయాలి’ అని ప్రతి 32 బిట్ ప్రోగ్రాం మీద హెచ్చరిక వచ్చింది. ఆ హెచ్చరిక మీకు. ఆడేవాళ్లకు కాదు.

మొజావేలో లాంచర్ (ఆటను తెరిచే చిన్న ప్రోగ్రాం) దగ్గర చిన్న ఇబ్బంది ఉందని ఒక విద్యార్థి టికెట్ పెడితే, మీవాళ్లు అప్‌డేట్ కొట్టమన్నారు. కాటలీనాకు వెళ్లాక ఐకాన్ మీద అడ్డగీత పడింది. ఆదేశాలు టైపు చేసే టెర్మినల్ నుంచి నడిపితే ‘బ్యాడ్ సీపీయూ టైప్ ఇన్ ఎగ్జిక్యూటబుల్’ అని వస్తుంది. అంతకుముందు తెరుచుకున్న ఆట ఇప్పుడు తెరుచుకోదు.

వెనక్కి రావడం అనుకున్నంత తేలిక కాదు. మొజావే ఇన్‌స్టాలర్‌తో 16 జీబీ పెన్‌డ్రైవ్ తయారు చేసుకోవాలి, డిస్క్ మొత్తం చెరపాలి, మళ్లీ ఎక్కించాలి. 2019 అక్టోబరు 24కు ముందు దింపి దాచుకున్న ఇన్‌స్టాలర్ అయితే ‘ఈ కాపీ పాడైంది’ అంటుంది. ఫైలు పాడవలేదు, అందులోని సర్టిఫికెట్ గడువు ఆ రోజుతో తీరింది. కొత్తగా దింపుకోవాలి, లేదా నెట్ ఆపి, తేదీ వెనక్కి తిప్పి ఎక్కించాలి. ఇదంతా అయ్యాక, కాటలీనా మార్చేసిన ఫొటోల లైబ్రరీ మొజావేలో తెరుచుకోదు. ఫొటోలను ముందే విడి ఫైళ్లుగా బయటి డిస్క్‌లోకి తీసుకోనివాళ్లు అక్కడ ఏడుస్తున్నారు. మీ సలహాలో ఈ ముక్క ఎక్కడా లేదు.

దీనికి మందు లేక కాదు. 2024 జనవరిలో వచ్చిన వైన్ 9.0, 32 బిట్ విండోస్ ప్రోగ్రాములను 64 బిట్ మాత్రమే ఉన్న మ్యాక్ ఓఎస్‌లలో నడిపే పద్ధతిని పూర్తి చేసింది. ఆ పద్ధతిలో ఓపెన్‌జీఎల్ (తెర మీద బొమ్మలు గీయించే ఏర్పాటు) వేగం కొంత తగ్గుతుందని వైన్ వాళ్లే రాశారు. తగ్గినా ముందు పొర తెరుచుకుంటుంది కదా.

2. ‘మీ గ్రాఫిక్స్ చాలదు’ అన్న మాట సగమే నిజం. ఇంతకుముందు మీ ఆట, విండోస్‌లో బొమ్మలు గీయించే డైరెక్ట్‌ఎక్స్ 9 మీద నడిచేది, ఇప్పుడు ఆ దారి మూసేసి డైరెక్ట్‌ఎక్స్ 11 ఒక్కటే ఉంచారు. మీ పొర డైరెక్ట్‌ఎక్స్‌ను ఓపెన్‌జీఎల్‌లోకి మారుస్తుంది. మ్యాక్‌లో ఓపెన్‌జీఎల్ 4.1 దగ్గరే ఆగిపోయింది, మొజావేతో పాటే యాపిల్ దాన్ని పక్కన పెడుతున్నట్టు ప్రకటించింది కూడా. డైరెక్ట్‌ఎక్స్ 11కు కావలసిన కంప్యూట్ షేడర్ (గ్రాఫిక్స్ చిప్ చేత లెక్కలు చేయించే ప్రోగ్రాం) లాంటివి ఓపెన్‌జీఎల్‌లోకి 4.3తో వచ్చాయి. అంటే మీ పొర అడిగేది మ్యాక్‌లో లేనే లేదు. టైటిల్ తెర దగ్గర నల్లగా నిలిచిపోవడానికి, నేల కనిపించకుండా మనుషులు గాలిలో నడవడానికి ఇదే కారణం.

ఇక్కడ ఒక రుజువు చూపిస్తాం. అదే 2012 మ్యాక్‌బుక్ ప్రోలో, అదే ఇంటెల్ హెచ్‌డీ 4000 గ్రాఫిక్స్ మీద, మ్యాక్‌లో విండోస్ ఎక్కించే బూట్ క్యాంప్‌తో 64 బిట్ విండోస్ 10 వేస్తే డైరెక్ట్‌ఎక్స్ 11 పనిచేస్తుంది, మీ ఆట తెరుచుకుంటుంది. ఫ్రేములు తక్కువే వస్తాయి, తెరను 1280×800కు, నీడలను ‘ఆఫ్’కు పెట్టాలి, కాని ఆడుకోవచ్చు. యంత్రమే చేతకానిదైతే అక్కడ కూడా నడవకూడదు. 2011 నాటి హెచ్‌డీ 3000 సంగతి వేరు. అది విండోస్‌లోనూ డైరెక్ట్‌ఎక్స్ 10.1 దాటదు. ఆ మోడళ్ల వాళ్లకు మేమే ‘వద్దు’ అని చెప్పి పంపుతున్నాం.

బూట్ క్యాంప్ అందరికీ దారి కాదు. కనీసం 64 జీబీ ఖాళీ ఉండాలి, యాపిల్ 128 జీబీ మంచిదంటుంది. 128 జీబీ డిస్క్ ఉన్న ఎయిర్‌లో అది జరిగే పని కాదు. విండోస్ లైసెన్సు ఖర్చు వేరే. పైగా విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది, ఇంటెల్ మ్యాక్‌లలో విండోస్ 11కు బూట్ క్యాంప్ ఒప్పుకోదు. మీ ప్రతినిధి ఒకరు, విండోస్ ఆటలను మ్యాక్‌లో నడిపి చూసే యాపిల్ గేమ్ పోర్టింగ్ టూల్‌కిట్ వాడమని రాశారు. అది 2023లో యాపిల్ సొంత చిప్‌లున్న మ్యాక్‌ల కోసం వచ్చింది. ఇంటెల్ మ్యాక్ అని టికెట్ మొదటి లైనులోనే ఉంది. చదవలేదన్నమాట.

3. ‘ర్యామ్ పెంచండి’ అన్న సలహా వల్ల ఊరికే డబ్బు పోతోంది. సుమారు గంట ఆడాక, జనం గుమిగూడిన ఊళ్లోకి పోగానే ఆట మూసుకుపోతుందన్నది తరచూ వచ్చే ఫిర్యాదు. మీ ఆట ఫైలు 32 బిట్‌ది. 32 బిట్ విండోస్ ప్రోగ్రాంకు మామూలుగా 2 జీబీ చిరునామా స్థలమే దక్కుతుంది, ప్రత్యేక గుర్తు పెట్టి తయారు చేస్తే 4 జీబీ. యంత్రంలో 16 జీబీ ఉన్నా ఆ గీత దాటలేదు. పైగా మీ 32 బిట్ పొరలో ఓపెన్‌జీఎల్ డ్రైవర్ ఉంచుకునే బొమ్మల సామాను కూడా అదే స్థలంలో కూర్చుంటుంది. స్థలం నిండగానే ఆట పడిపోతుంది.

గుర్తుపట్టడం సులువు. మ్యాక్‌లో ర్యామ్, ప్రాసెసర్ వాడకం చూపే యాక్టివిటీ మానిటర్ తెరిచి పక్కన పెట్టుకోండి. ఆట పడిపోయే ముందు యంత్రంలో ర్యామ్ ఇంకా ఖాళీ ఉండి, మెమరీ ప్రెషర్ గీత పచ్చగానే ఉంటే, ర్యామ్ తప్పు కాదు. టెక్స్చర్లను (బొమ్మల పై పూతలను) ‘హై’ నుంచి ‘మీడియం’కు దించాలి, పక్కవాళ్ల వేషాలు చూపే ఆప్షన్ ఆపాలి, ఊళ్లోకి పోయే ముందు ఒకసారి బయటికి వచ్చి మళ్లీ లాగిన్ కావాలి. ఖర్చు లేదు. 4 జీబీ ఉన్నవాళ్లకు 8 వేయించుకోవడం మంచిదే, మేమూ వేస్తాం. 8 ఉన్నవాళ్లను 16కు పంపడం మాత్రం అన్యాయం. పైగా ఎయిర్‌లలో ర్యామ్ బోర్డుకు టంకం వేసి ఉంటుంది. మీ మాట నమ్మి ర్యామ్ వేయమని వచ్చేవాళ్లకు ఆ విషయం కౌంటర్ దగ్గర మేం చెప్పాల్సి వస్తోంది.

4. లాంచర్. ఇది మొత్తంగా మీ చేతిలో ఉన్న పని. లాంచర్ లోపల క్రోమియం బ్రౌజర్ పెట్టారు. క్రోమియం 110వ వెర్షన్ నుంచి, అంటే 2023 ఫిబ్రవరి నుంచి, విండోస్ 7ను వదిలేసింది. మీ పొరలో విండోస్ వెర్షన్ ఇప్పటికీ 7 అనే ఉంది! లాంచర్ తెరుచుకుని చప్పుడు లేకుండా మూసుకుపోవడానికి కారణం ఇదే. వైన్ సెట్టింగుల పెట్టె వైన్‌సీఎఫ్‌జీ తెరిచి, కింద విండోస్ వెర్షన్‌ను 10 అని మారిస్తే తెరుచుకుంటోంది. తెరుచుకున్నాక నల్ల పెట్టెలా కనిపిస్తే, లాంచర్‌కు ‘డిసేబుల్ జీపీయూ’ ఆప్షన్ చేర్చాలి. రెండూ కలిపి మీకు పది నిమిషాల పని.

ఎల్ కాపిటన్ (10.11), అంతకంటే పాత ఓఎస్‌లలో మరో చిక్కు. సైటు నమ్మకమైనదని చూపే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్లకు పాత ఆధారమైన డీఎస్‌టీ రూట్ సీఏ ఎక్స్3 గడువు 2021 సెప్టెంబరు 30న తీరింది. దాని స్థానంలోని ఐఎస్‌ఆర్‌జీ రూట్ ఎక్స్1, మ్యాక్‌లోకి 10.12.1తో వచ్చింది. అంతకు ముందున్న మ్యాక్‌లకు మీ లాగిన్ పేజీ నమ్మకమైనదని తెలియదు. మ్యాక్ సర్టిఫికెట్లు దాచుకునే కీచెయిన్‌లో ఆ కొత్త రూట్‌ను ‘సిస్టమ్’ కింద చేర్చి ‘ఆల్వేస్ ట్రస్ట్’ పెడితే సరిపోతుంది. దాన్ని లెట్స్ ఎన్‌క్రిప్ట్ వారి సైటు నుంచి మాత్రమే తీసుకోవాలి. మీ లాంచర్ చూపించే సందేశమేమో ‘సర్వర్ అందుబాటులో లేదు, తర్వాత ప్రయత్నించండి’. అది చూసి జనం వారాల తరబడి సర్వర్ లేస్తుందేమోనని ఎదురుచూస్తున్నారు. బ్యాటరీ చచ్చిన మ్యాక్‌బుక్‌లో కరెంటు పోయినప్పుడల్లా తేదీ వెనక్కి పోయి ఇదే సందేశం వస్తుంది. తేదీ సరిచేయమని ఒక్క వాక్యం చాలు.

5. ‘తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయండి’. మీ ఆట దాదాపు 40 జీబీ. 20 ఎంబీపీఎస్ లైను ఆగకుండా వస్తే నాలుగున్నర గంటలు. రోజుకు 1.5 జీబీ వచ్చే ఫోన్ డేటా మీద హాట్‌స్పాట్ పెట్టుకునే పల్లె విద్యార్థికి దాదాపు 27 రోజులు. ఆదోని పక్క పల్లెల్లో, గుంతకల్లు, ప్రొద్దుటూరు చుట్టుపక్కల ఎండాకాలం కరెంటు కోతలు కూడా లెక్కేసుకోండి. మీ లాంచర్ ఆగిన చోటు నుంచి అందుకోదు, ఆగిన ఫైలును మొదటి నుంచి దింపుతుంది.

అంత చేసినా ‘ఫైలు పాడైంది’ అన్న సందేశం మళ్లీ వస్తోందంటే, 2012 ప్రోలో ముందు చూడాల్సింది డిస్క్ కేబుల్. అడుగు మూతకు పది స్క్రూలు. మూడు పొడవువి, ఏడు పొట్టివి, ఏది ఏ రంధ్రంలోదో కాగితం మీద గుర్తు పెట్టుకోవాలి. హార్డ్ డిస్క్ నుంచి బోర్డుకు పోయే సన్నని సాటా పట్టీ అల్యూమినియం ఒంటికి ఆనుకుని వంగి ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ వంపు దగ్గర దెబ్బతింటుంది. డిస్క్ తన ఆరోగ్యం గురించి రాసుకునే ‘స్మార్ట్’ లెక్కల్లో 199వ అంశం, సీఆర్‌సీ ఎర్రర్ కౌంట్, ఆట ప్యాచ్ అవుతున్నప్పుడు పెరుగుతూ పోతే పట్టీ పోయినట్టు. డిస్క్ మంచిదే. కొత్త పట్టీ వేసి, కింద ఇన్సులేషన్ టేపు ఒక ముక్క అతికిస్తే తీరిపోతుంది. ఇది తెలియక కొత్త ఎస్‌ఎస్‌డీ కొని, అదే పాత పట్టీకి తగిలించి, మళ్లీ 40 జీబీ దింపుతున్నవాళ్లు ఉన్నారు. డిస్క్‌ను ‘కేస్ సెన్సిటివ్’ పద్ధతిలో ఫార్మాట్ చేసినా ఇలాంటి లక్షణమే కనిపిస్తుంది: మీ ప్యాచర్ ఒకచోట పెద్దక్షరంతో, ఇంకోచోట చిన్నక్షరంతో ఫైలు పేరు రాస్తోంది.

6. వేడి. ఇందులో మీ తప్పు లేదు, ఒప్పుకుంటాం. కర్నూలులో, అనంతపురంలో ఎండాకాలం 40 డిగ్రీలు దాటిన గదిలో పదేళ్ల దుమ్ము పట్టిన ఫ్యాన్‌తో ఏ యంత్రమైనా మందగిస్తుంది. యాక్టివిటీ మానిటర్‌లో ‘కెర్నల్ టాస్క్’ ప్రాసెసర్‌ను తినేస్తున్నట్టు కనిపిస్తే అది వైరస్ కాదు. ప్రాసెసర్ చల్లబడడానికి ఓఎస్ కావాలని పని తగ్గిస్తోంది. టెర్మినల్‌లో ‘పీఎంసెట్ -జీ థర్మ్’ కొడితే స్పీడ్ లిమిట్ 100 కంటే ఎంత పడిపోయిందో చూపిస్తుంది. ఫ్యాన్ శుభ్రం చేసి, ఎండిపోయిన పేస్ట్ మార్చాలి. ఉబ్బిన బ్యాటరీని తీసేసి చార్జర్ మీదే నడిపేవాళ్లు కూడా గమనించాలి: బ్యాటరీ లేకపోతే మ్యాక్‌బుక్ తన వేగాన్ని తానే బాగా తగ్గించుకుంటుంది. 13 అంగుళాల ప్రోకు 60 వాట్ల చార్జర్ కావాలి, ఎయిర్‌ది 45 వాట్లే. మూతి సరిపోయింది కదా అని మార్చి వాడితే ఆట మధ్యలో బ్యాటరీ దిగిపోతుంది. మీరు చేయగలిగింది ఒకటుంది, ఆటలో 30 ఫ్రేములకు కట్టేసే ఆప్షన్ ఇవ్వడం. విండోస్ వాళ్లకు ఇచ్చారు, మ్యాక్ ప్యాకేజీలో దాచేశారు.

7. లైను. పింగ్ (సర్వర్ దాకా వెళ్లి రావడానికి పట్టే సమయం) ఉన్నట్టుండి ఎగరడం అన్ని వేళలా మా ఊరి నెట్ తప్పు కాదు. మ్యాక్‌లో ఎయిర్‌డ్రాప్ కోసం ‘ఏడబ్ల్యూడీఎల్’ అనే దారి ఒకటి ఉంటుంది, వైఫై మధ్యమధ్యలో చానల్ వదిలి దానికోసం వెళ్లొస్తుంది. ఆడేటప్పుడు దాన్ని ఆపితే, లేదా 2012 ప్రోలో ఉన్న ఈథర్‌నెట్ రంధ్రంలో తీగ పెడితే, ఎగరడం ఆగుతుంది. యూజర్ పేరు, పాస్‌వర్డుతో లాగిన్ అయ్యే పీపీపీఓఈ కనెక్షన్లలో ప్యాకెట్ హద్దు (ఎంటీయూ) 1500 బైట్లు కాక 1492. ముక్కలు చేయొద్దని చెప్పి పంపిన పింగ్ 1464కు వెళ్లి 1472కు ఆగితే రూటర్‌లో ఎంటీయూ సరిచేసుకోవాలి.

8. అన్నిటికంటే బాధ పెడుతున్నది నిషేధాలు. మీరు కొత్తగా పెట్టిన మోసాల నిఘా ప్రోగ్రాం విండోస్ కెర్నల్‌లోకి (ఓఎస్ గుండెకాయలోకి) డ్రైవర్ ఎక్కించాలని చూస్తుంది. వైన్‌లో విండోస్ కెర్నల్ ఉండదు, అది మ్యాక్ మీద మామూలు ప్రోగ్రాంలా నడిచే పొర. డ్రైవర్ ఎక్కదు. ఎక్కకపోతే ‘ఈ యంత్రంలో కుదరదు’ అని చెప్పి ఆపాలి. మీ ప్రోగ్రాం దాన్ని మోసంగా లెక్కగట్టి ఖాతాకు తాళం వేస్తోంది. మీరిచ్చిన ప్యాకేజీలో, మీరు చెప్పినట్టే ఆడినందుకు! ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ పిల్లలైనా, అనంతపురం జేఎన్‌టీయూ పిల్లలైనా, పాకెట్ మనీలోంచి కట్టిన టాప్-అప్ ఆ ఖాతాలో ఇరుక్కుపోయింది. ఖాతా తెరిపిస్తామని, నిఘాను దాటిస్తామని చెప్పి ఏవేవో ఫైళ్లు అమ్మేవాళ్లు తయారయ్యారు. మ్యాక్‌లో ఓఎస్ ఫైళ్లను కాపాడే సిస్టమ్ ఇంటిగ్రిటీ ప్రొటెక్షన్ తీసేయమని మొదటి షరతు పెడతారు. వైన్‌కు అది తీయాల్సిన పనే లేదు. తీశాక ఎక్కించిన ఫైళ్లు పాస్‌వర్డులు పట్టుకుపోతే, అదే యంత్రంలో తండ్రి బ్యాంకు ఖాతా కూడా ఉంటుంది.

ఇలాంటి నిఘా ప్రోగ్రాముల్లో పేరున్నవి ఈజీ యాంటీ-చీట్, బ్యాటిల్‌ఐ. లైనక్స్‌లో వైన్ తరహా పొరల మీద పనిచేసే వీలు 2021లోనే ఈ రెండూ ఇచ్చాయి, ఆట తయారీదారు ఒప్పుకుంటే చాలన్నాయి. మ్యాక్‌లో అలాంటి వీలు మీరు తేలేకపోతే తేలేమని చెప్పండి, మేం తప్పు పట్టం. డబ్బు తీసుకున్నాక చెప్పడమే తప్పు.

మా దగ్గరికి వచ్చిన యంత్రంలో తప్పు ఎక్కడుందో తేల్చడానికి మేం పాటించే క్రమం ఇది. మీ సహాయ విభాగం కూడా జవాబు రాసే ముందు ఈ ప్రశ్నలు అడిగితే సగం టికెట్లు ఒక్క రోజులో తీరతాయి. ముందు యాపిల్ గుర్తు కింద ‘అబౌట్ దిస్ మ్యాక్’లో మోడల్, సంవత్సరం, ఓఎస్, గ్రాఫిక్స్ రాసుకోవాలి. తర్వాత మీ పొరలోనే ఉన్న నోట్‌ప్యాడ్‌ను తెరవాలి. అదే తెరుచుకోకపోతే పొర చచ్చింది, ఆటను ఎన్నిసార్లు దింపినా లాభం లేదు. నోట్‌ప్యాడ్ వచ్చి లాంచర్ రాకపోతే పై నాలుగో అంశం. లాంచర్ వచ్చి ఆట టైటిల్ దాకా రాకపోతే లాగ్ (ప్రోగ్రాం రాసుకునే చిట్టా) చూడాలి: ‘ఎంఎస్‌వీసీపీ140 దొరకలేదు’ అంటే విజువల్ సీ ప్లస్ ప్లస్ ప్యాకేజీ, ‘డీ3డీఎక్స్9_43’ లేదా ‘ఎక్స్‌ఆడియో2_7’ అంటే 2010 జూన్ నాటి డైరెక్ట్‌ఎక్స్ ప్యాకేజీ ఎక్కించాలి, అవి రెండూ ఉంటే రెండో అంశం. కాసేపు ఆడాక పడితే మూడు లేదా ఆరు. పడకుండా జర్కులిస్తే ఆరు లేదా ఏడు. తెరలో ఒకచోట నొక్కితే ఇంకోచోట క్లిక్ పడుతోందంటే రెటీనా (చుక్కలు దట్టంగా ఉండే తెర) సెట్టింగ్. 13 అంగుళాల రెటీనా ప్రోలో 2560×1600ను 1280×800కు దించితే గీయాల్సిన చుక్కలు నాలుగో వంతు అవుతాయి, క్లిక్కూ కుదురుకుంటుంది, వేగమూ పెరుగుతుంది.

మా డిమాండ్లు:

1. ‘మ్యాక్‌లోనూ ఆడుకోవచ్చు’ అన్న ఒక్క మాట తీసేసి, ఏ మోడల్, ఏ సంవత్సరం, ఏ ఓఎస్ నుంచి ఏ ఓఎస్ వరకు, ఏ గ్రాఫిక్స్ అన్నది డబ్బు కట్టే పేజీలోనే, బటన్ పైన చూపించండి. నడవని యంత్రం నుంచి లాగిన్ అయితే టాప్-అప్ బటనే కనిపించకూడదు.

2. పొరను 32 బిట్ అవసరం లేని కొత్త వైన్‌కు మార్చండి. అది అయ్యేదాకా, డైరెక్ట్‌ఎక్స్ 9తో నడిచిన చివరి ప్యాకేజీని మొజావే వాళ్ల కోసం ఉంచండి. మొజావేకు యాపిల్ భద్రతా అప్‌డేట్లు ఆగిపోయాయి కాబట్టి దాని మీద బ్యాంకు పనులు చేయొద్దన్న హెచ్చరిక కూడా పక్కనే పెట్టండి. మా షాపుల్లో మేం చెబుతూనే ఉన్నాం.

3. మ్యాక్ ప్యాకేజీ వాడినందుకు పడిన నిషేధాలను ఒక్కొక్కటిగా మనిషి చేత చూపించి ఎత్తేయండి. ఆట ఇక నడవదని తేలిన ఖాతాల్లో మిగిలిన టాప్-అప్ కట్టిన దారిలోనే వెనక్కి పంపండి.

4. డౌన్‌లోడ్ ఆగిన చోటు నుంచి అందుకునేలా చేయండి. పాడైన ఫైలు ఒక్కటే మళ్లీ దిగాలి, 40 జీబీ కాదు.

5. ఓఎస్ అప్‌డేట్ చేయమని ఏ జవాబులో రాసినా, ముందు బ్యాకప్ తీసుకోవాలని, వెనక్కి రావడం కష్టమని, 32 బిట్ ప్రోగ్రాములు పోతాయని అదే జవాబులో రాయండి. ఆ సలహా వల్ల స్టూడియో ఫైళ్లు పోగొట్టుకున్నవాళ్లకు కనీసం క్షమాపణ బాకీ ఉన్నారు.

2020 నాటి వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి, ఫిర్యాదుల అధికారి పేరు, వివరాలు అందరికీ కనిపించేలా ఉంచాలి. మీ ఆటలో ఆ పేరు ఎక్కడుందో మాకు దొరకలేదు. నెల రోజులు చూస్తాం. ఆ తర్వాత 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేయించి, కర్నూలు, అనంతపురం, కడప జిల్లా వినియోగదారుల కమిషన్లలో ఎవరి ఊళ్లో వాళ్లు కేసు వేసుకునేలా కాగితాలు రాసిస్తాం. ఫిర్యాదుదారు ఉన్న చోటే కేసు వేసే హక్కు 2019 చట్టం ఇచ్చింది, 5 లక్షల లోపు లావాదేవీలకు ఫీజు కూడా లేదు. యూపీఐ రసీదులు, మీ టికెట్ జవాబులు, లాగ్ ఫైళ్లు భద్రంగా పెట్టుకోమని ఆడేవాళ్లందరికీ ఇప్పటికే చెప్పాం.

మీ జవాబు ఇంగ్లీషులో వచ్చినా ఫర్వాలేదు. అందులో మోడల్ పేరు, సంవత్సరం, ఓఎస్ నంబరు, పొర వెర్షన్ మాత్రం ఉండాలి.

ఇట్లు,
కర్నూలు, అనంతపురం, కడపలలో కంప్యూటర్ రిపేరు షాపులు, నెట్ సెంటర్లు నడుపుకునేవాళ్లం